పెద్దాయన తండ్రి రివాల్వర్

దోహా, ఆదివారం

ప్రమీలక్కా, ఫోన్‌లో నీకు సగమే వినబడుతుందని కార్డు రాస్తున్నాను. నేను పంపిన ఫోటోలో నా చేతుల నలుపు కాలిన గాయం కాదు, తుపాకి మందు మసి. భయపడకు.

నేను తుపాకులు శుభ్రం చేసే క్లబ్బుకు ఒక ఖతరీ పెద్దాయన, చనిపోయిన తన తండ్రి రివాల్వర్ తెచ్చాడు. తుపాకి మందు కూరి కాల్చే పాత రకం. నూట యాభై ఏళ్లనాటిదని తండ్రి చెప్పేవాడట. దాన్ని ఒక్కసారైనా కాల్చాలని పెద్దాయన కోరిక. అంత పాతదైతే పగిలిపోవచ్చని విప్పి చూశాను. గొట్టం కింద ఇటలీ ముద్ర, పక్కన ఏ, డి అక్షరాలు ఉన్నాయి. అక్కడ తుపాకి చేసిన ఏడును అక్షరాలతో కొడతారు; ఏ, డి అంటే 1978లో చేసిన నకలు.

"చెప్పకురా, నౌకరి పోతది," అన్నాడు నాతో పనిచేసే జహాంగీర్. అయినా చెప్పాను.  పెద్దాయన రివాల్వర్ బయటికి తీసుకుపోయి ఐదు గుండ్లు కాల్చాడు. పొగకు గురి కూడా కనబడలేదు.

"ఆ ఏడు మా నాయిన ఇటలీ పోయిండు. చిన్నోణ్ణి, నాకేం తేలేదని వారం రోజులు అలిగిన," అన్నాడు వచ్చీరాని హిందీలో. రివాల్వర్ తానే గుడ్డలో చుట్టుకుని వెళ్ళాడు. నా నౌకరికి ఏమీ కాలేదు.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? స్వర్ణ పరీక్ష పాసయిందా? తాత కత్తి నిజాం కాలందో కాదో పట్నంలో చూపిస్తానని బావ అంటున్నాడట. వద్దని చెప్పు. చిన్నవ్వకు దండాలు, పిల్లలకు దీవెనలు.

నీ తమ్ముడు,
తిరుమల్