షాపుకొచ్చిన ఆవిడ అడిగిన మాట

జూన్ 14

ప్రియమైన వదినా,

పొద్దున్నే మొదటి వింత: వార్డెనమ్మ పిలిచి నా చేతిలో కవరు పెట్టింది. నాకు ఉత్తరం! అదీ నీ చేతిరాత! ఫోన్లో "తిన్నావా, పడుకో" తప్ప మూడో మాట మాట్లాడని మా వదిన పేజీ నిండా రాసిందంటే ఏం కొంప మునిగిందో అని హాస్టల్ మెట్ల మీదే చింపి చదివాను. తీరా చూస్తే ఒక మాట కావాలట! మీ కళ్లజోళ్ల షాపుకొచ్చిన ఒకావిడ, "ఇంకా పుట్టని బిడ్డని ఏమంటారు, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగిందట. అద్దాలు అరగదీసే నీ దగ్గరకొచ్చి భాష అడిగిన ఆ మహాతల్లికి దండం పెట్టాలనిపించింది. భాషాశాస్త్రంలో చేరాక నన్నొకరు మాట అడగడం ఇదే మొదలు.

క్లాసు అవగానే లైబ్రరీలో కూలబడ్డాను. 'చూలు' అని ఒకటుంది, మన సొంత మాట. చూలాలు, తొలిచూలు అన్నీ దీన్నుంచే. 'పిండం' అంటే ముద్ద. ఇంకా రూపం రాలేదు కదా, అందుకని. నాకు మాత్రం 'నలుసు' నచ్చింది. "కడుపులో నలుసు పడింది" అనేది మా అమ్మమ్మ. కంట్లో పడే నలుసే, అంత చిన్నదన్నమాట. ముద్దుగా లేదూ? ఆవిడకి ఇదే చెప్పు.

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ పుస్తకాల పురుగు


జూన్ 22

ప్రియమైన పుస్తకాల పురుగూ,

ఈ సంగతులు ఫోన్లో అడగొచ్చుగా అంటావేమో. మాది ఒక్క గది ఇల్లు, మీ అన్నయ్యవి పాము చెవులు. ఆడవాళ్ల మాటలు ఆయనకెందుకు?

నువ్వు రాసింది ఆవిడకి చదివి వినిపించాను. ముద్ద వద్దంది. చూలు పర్లేదు గానీ పిలిస్తే పలికేలా లేదంది. నలుసు దగ్గర మాత్రం ముఖం ముడుచుకుంది. నాకూ నచ్చలేదనుకో. పొద్దుగూకులూ నా పనే అది కదా. అద్దాన్ని దీపం ముందు పెట్టి, నలుసెక్కడుందా అని వెతికి తుడిచెయ్యడం. తుడిచాక దాన్ని మళ్లీ ఎవరూ తలుచుకోరు.

ఆవిడకి కిందటేడు ఒకటి నిలవలేదట. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "పోన్లే, ఇంకా ఏమీ కాలేదుగా" అన్నారట. ఏమీ కానిదాని కోసం ఇంత ఏడుస్తానా అంటుంది. ఈసారి దానికంటూ ఒక మాట ఉండాలట. పేరు వద్దట, కిందటిసారి పేరు పెట్టుకున్నారు. ఉత్త మాట చాలట. ఇంకొంచెం వెతుకు తల్లీ.

మీ అన్నయ్యకి కొత్తగా వ్యాయామం పిచ్చి పట్టింది. మూడంతస్తులూ నీళ్ల డబ్బాలు ఆయనే మోసుకొస్తున్నాడు. నేను చెయ్యి వేస్తే కసురుతున్నాడు. మెకానిక్ షెడ్డులో రెంచీ తప్ప ఏదీ ఎత్తని మనిషి!

ఇట్లు,
మీ వదిన


జూలై 1

మా మంచి వదినా,

ఆ ఆవిడ షాపులో నీ స్టూలు మీదే కూర్చుంటుందా? నీలాగే నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటుందా? అవునైతే అవునను. కాదంటే నేనేమీ అడగలేదు.

ముందు నలుసుని వెనక్కి తీసుకుంటున్నాను. ఇక అసలు సంగతి. 'భ్రూణం' అనే మాట విన్నావుగా. డాక్టర్ల మాట, పలకడానికే భయమేసేదని ఇన్నాళ్లూ దాని జోలికి పోలేదు. నిన్న మా మాస్టారు ధాతువుల పట్టిక తెరిచి చూపించారు. ధాతువంటే మాటకి విత్తనం లాంటిది. ఈ మాట ధాతువుకి పాతకాలపు వ్యాకరణం వాళ్లు చెప్పిన అర్థం ఏమిటో తెలుసా? ఆశ! ఆశపడటం, ఎదురుచూడటం. వదినా, నేను బల్ల మీద గట్టిగా చరిచాను, లైబ్రరీ అంతా నావైపు తిరిగింది.

"అమ్మాయ్, సంబరం ఆపి పూర్తిగా చదువు," అన్నారు మాస్టారు. కొన్ని పట్టికల్లో ఆశ పక్కనే శంక అని కూడా ఉంది. ఏమవుతుందో అనే బెదురు. రెండూ ఒకే ధాతువుకి! ఇప్పటి పండితులు అందరూ దీన్ని ఒప్పుకోరట. మోయడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చి ఉండొచ్చని కొందరంటారట. ఏది నిజమో తేలలేదు. కానీ ముద్ద కాదు, నలుసు కాదు. 'ఏమీ కాలేదు' అసలే కాదు. ఆవిడకి ఇది చెప్పు.

అన్నయ్యకి తెలుసా?

నీ పురుగు


జూలై 9

చిన్నమ్మీ,

అవును. నేనే.

నీ ఉత్తరం షాపులో చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ఓనరు "నలుసు పడిందా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మీ అన్నయ్యకి చెప్పలేదు. కిందటిసారి ఆయన షెడ్డులో, వీధిలో, బస్సులో పక్క సీటువాడికి కూడా చెప్పుకున్నాడు. తర్వాత అంతమందికీ లేదని చెప్పింది కూడా ఆయనే. ఆ ముఖం మళ్లీ చూడలేను. డాక్టరమ్మ స్కానుకి రమ్మంటోంది. ఒక్కదాన్నే వెళ్దామంటే కాళ్లు రావట్లేదు. బెదురు సరే, ఆశ ఎటుపోయిందో మీ మాస్టారిని అడుగు.

ఆయనకి మాత్రం చెప్పకు. నా మీద ఒట్టు.

వదిన


జూలై 15

వదినా,

చెప్పను. కానీ ఒక్క మాట. అన్నయ్యకి చిన్నప్పట్నుంచీ వ్యాయామం అంటే ఒళ్లుమంట. ఆ నీళ్ల డబ్బాల సంగతి ఒక్కసారి ఆలోచించు.

నీ పురుగు


జూలై 21

నా బంగారు పురుగూ,

నీ ఉత్తరం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాను. రెండు చేతుల్లో డబ్బాలతో ఆయాసపడుతూ ఎక్కుతున్నాడు.

"వ్యాయామం ఎందుకు మొదలెట్టారు?" అన్నాను.

"ఊరికే."

"నిజం చెప్పండి."

డబ్బాలు దించాడు. "నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా," అన్నాడు.

ముందే తెలుసట! నేను టీ వాసనకి ముఖం తిప్పుకున్న రోజే పట్టేశాడట. "అడిగితే నీకు బెదురు పుడుతుందని ఊరుకున్నా. ఎవరికీ చెప్పలేదు. షెడ్డులో నోరు కట్టుకోలేక చచ్చిపోతున్నా," అన్నాడు. ఇద్దరం అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాం. పైవాటా ముసలాయన దారి లేక మా వెనకే నిలబడి, "మెల్లగా కానివ్వండి, నాకేం తొందర లేదు," అన్నాడు.

నీ మాట ఆయనకి చెప్పాను. నోరు తిరగలేదు, 'బూణం' అన్నాడు. ఆశ, బెదురు అని చెప్తే తలూపాడు. మోయడం అని చెప్పగానే మాత్రం డబ్బాల వైపు చూసి, "అయితే సగం నేనూ మోస్తున్నట్టేగా," అన్నాడు, పెద్ద గొప్పగా.

రేపే స్కాను. ఈ ఉత్తరం నీకందేసరికి అది కాస్తా అయిపోయి ఉంటుంది. ఏం జరిగిందో నీకు ఫోన్లో మీ అన్నయ్యే చెప్తాడు, ఏదైనా సరే. నేను మాత్రం ఇప్పుడే కళ్లజోడు తుడిచి, బల్ల మీద పెట్టుకున్నాను. ఆ తెర మీద ఎంత చిన్నగా ఉన్నా కనబడాలి. ఆయన షెడ్డుకి సెలవు పెట్టాడు. బండి వద్దట, కుదుపులట. రేపు పొద్దున ఎండెక్కకముందే బయల్దేరి, ఇద్దరం మెల్లగా నడిచి వెళ్తాం.

ఆశతో, బెదురుతో,
మీ వదిన