ఆపరేషన్ గది ముందు నేను నవ్విన నవ్వు

రికార్డింగు స్టూడియోలో ‘రెండో మైకు’ అనీ, మా వీధిలో ‘నవ్వులావిడ’ అనీ పిలవబడే నేను, వయస్సు అరవై తొమ్మిది, గడియారాలు బాగుచేసి బతికిన ఒక మంచి మనిషికి భార్యను, స్వస్థచిత్తంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా తదనంతరం అమలు కావలసినదిగా ఈ వీలునామా రాస్తున్నాను. నా బుద్ధి నిలకడగానే ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతపరిచాను. నాకు మతి చలించిందని పదకొండేళ్లుగా చెప్పుకు తిరుగుతున్నవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు కనుక ఆ కాగితం అవసరమైంది. ఇంతకు ముందు రాసిన వీలునామా కోపంలో రాసినది, అది రద్దు. ఇదీ కోపంలోనే రాస్తున్నాను, కానీ ఇదే చెల్లుతుంది.

1. ఆస్తి సంగతికి ముందు నా వృత్తి ఏమిటో కాగితం మీద ఉండాలి. హాస్యనాటికలు ఖాళీ హాల్లో రికార్డు చేసేవారు. ప్రేక్షకుల నవ్వు మాత్రం పక్క గదిలో నాలుగు మైకుల ముందు నిలబడి మేం నలుగురం నవ్వేవాళ్లం. మాకు నాటిక వినిపించదు. తలుపు మీద ఎర్ర బల్బు వెలిగితే నవ్వాలి, ఆరితే ఆపాలి. కిసుక్కునా, పకపకా, విరగబడా అన్నది ముందే చీటీ మీద రాసి ఉంటుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే సీనంతా మళ్లీ మొదటికి వచ్చేది, డైరెక్టరు దులిపేసేవాడు. ఇరవై ఆరేళ్లు చేశాను. చివరికి బల్బు వెలగడానికీ నోరు తెరుచుకోవడానికీ మధ్య నేనంటూ లేకుండా పోయాను.

2. నా టేప్ రికార్డరు, రెండు పెట్టెల టేపులు పార్కులో నవ్వుల క్లబ్బు నడిపే లెక్కల మాస్టారికి చెందుతాయి. నవ్వితే గుండెకు మంచిదనీ, రక్తపోటు తగ్గుతుందనీ, కమ్మగా నిద్ర పడుతుందనీ ఆయన మైకు పట్టుకుని చెబుతుంటారు. రోజుకు ఆరు గంటలు నవ్విన నాకు రక్తపోటుకు రెండు మాత్రలు, నిద్రకు ఒకటి. ఈ మాట ఆయనతో అంటే “అది ఉద్యోగం అమ్మా, నవ్వు కాదు” అన్నారు. నాకు ఒళ్లు మండింది, కానీ ఆయన అన్నది నిజం. ఇంకో నిజం కూడా ఒప్పుకుంటున్నాను. భార్య పోయాక ఎవరితోనూ పెదవి విప్పని పోస్ట్‌మాన్ ఒకాయన, ఆ క్లబ్బులో నాలుగు రోజులు ఊరికే నోరు తెరిచి హహ్హహ్హ అన్నాక, ఐదో రోజు పక్కాయన్ని “రేపు వస్తారా?” అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న కోసమైనా క్లబ్బు నడవాలి.

3. నా ఉన్ని శాలువా, కుట్టు మిషను ‘నాలుగో మైకు’కు. నాకు గొంతు పోయిన నెల రోజులూ తన నవ్వుతో పాటు నా నవ్వూ తనే నవ్వింది, పైవాళ్లకు అనుమానం రానివ్వలేదు. సొంత చెల్లెలైనా అంత చేయదు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. విసుక్కుంటుంది, కానీ చేస్తుంది.

4. మా ఆయన అక్కగారికి, అంటే మా వదినకు, నా నిలువుటద్దం. రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి ఒకసారి నవ్వి చూసుకోమని మనవి. “మా తమ్ముణ్ణి ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్తుంటే ఇది విరగబడి నవ్వింది” అని ఆమె చుట్టాలందరికీ చెప్పింది. అందులో అబద్ధం లేదు. నేను ఆమెను క్షమించడం లేదు, ఆ సంగతి కూడా రిజిస్టరు చేయించమని కోరుతున్నాను.

5. జరిగింది ఇది. మా ఆయన్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. బెంచీ మీద మా అమ్మాయి, వదిన, నేను. తలుపు మూసుకుంది, తలుపు మీద ఎర్ర బల్బు వెలిగింది. నా నోట్లోంచి ఆ నవ్వు వచ్చేసింది. రెండు చేతులతో నోరు నొక్కుకున్నా ఆగలేదు. కారిడారంతా మోగింది. ఆయన మళ్లీ బయటికి రాలేదు. మా అమ్మాయి నా ముఖం వంక చూసి, “ఇంకెప్పుడూ నిన్ను అమ్మా అని పిలవమనకు” అని మేనత్తతో వెళ్లిపోయింది.

మా ఆయన గడియారాల దుకాణం పైనున్న రెండు గదులూ, అందులోని సమస్తమూ, దానవిక్రయాది సర్వహక్కులతో మా అమ్మాయికే. షరతులు లేవు. “ఏదో ఒకటి పెట్టండమ్మా, అప్పుడైనా దారికొస్తారు” అన్నాడు లాయరు. దాన్ని దారికి తెచ్చుకోవాలని నాకు లేదు. రావాలని ఉంది, అది వేరు.

6. మా అమ్మాయికి ఇంకొకటి కూడా చెందుతుంది. అది నా దగ్గర పదకొండేళ్లుగా ఉంది.

అమ్మా, ఆయన పోయిన నెలకు ఆసుపత్రిలో ఉండిపోయిన ఆయన కళ్లజోడు తెచ్చుకుందామని వెళితే, ఆ రోజు లోపల ఉన్న నర్సు నన్ను గుర్తుపట్టింది. నా నవ్వు తలుపు దాటి లోపలికి వినిపించిందట. డాక్టర్లు ముఖముఖాలు చూసుకున్నారట. మీ నాన్న వాళ్లతో, “కంగారు పడకండి, మా ఆవిడ డ్యూటీలో ఉంది” అన్నారట. ఆ మాట అని, నవ్వుతూనే మత్తులోకి వెళ్లారట.

ఈ మాట ఆ రోజే నీకు చెప్పి ఉండవచ్చు. కన్నతల్లిని నమ్మడానికి సాక్షి కావాలా అని పంతం పట్టాను. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. పదకొండేళ్లు పోయాయి. తప్పు సగం నాది. వీలునామాకు ఎలాగూ ఇద్దరు సాక్షులు కావాలన్నారు కనుక, పంతం వదిలి ఆ నర్సును వెతికి పిలిపించాను.

పై విషయాలన్నీ చదివించుకుని, సరిగా ఉన్నాయని ఒప్పుకుని, ఆగస్టు పదకొండో తేదీ ఉదయం చేసిన సంతకం:

రెండో మైకు

సాక్షులు:

1. లెక్కల మాస్టారు, నవ్వుల క్లబ్బు. సంతకం నా ఎదుట చేశారు.

2. నర్సు, ఆపరేషన్ థియేటర్, ఇప్పుడు రిటైరయ్యాను. సంతకం నా ఎదుట చేశారు. ఆరో అంశంలోని మాట నేను నా చెవులతో విన్నాను. ఆయన చెయ్యి అప్పుడు నా చేతిలో ఉంది.