తోకచుక్కలో విషవాయువు

నాగాయలంక,
4 ఏప్రిల్ 1997.

ఇందిరాదేవి మేడం గారికి నమస్కారం.

సెలవులకు వచ్చిన రోజే పెద్ద తప్పు చేశానండీ. సాయంత్రం అందరూ తోకచుక్కను చూస్తుంటే మీ పాఠం అప్పజెప్పాను. దాని వెలుగును రంగులుగా విడదీస్తే అందులో ఏముందో తెలుస్తుందని, సయనోజన్ ఉందని. ఆ మాట పలకడం నాకెంతో ఇష్టం. "అంటే ఏంటే?" అంది నాయనమ్మ. "విషవాయువు" అన్నాను.

ఆ మాట ఊరంతా పాకి, మూడు రోజులుగా ఒక్క పడవా సముద్రం మీదికి వెళ్లలేదు. అది కోట్ల మైళ్ల దూరంలో ఉందని, ఆ వాయువు మన దాకా రాదని చెప్తే, "విషమన్న నోటితోనే కాదంటావా?" అన్నాడు చిన్నబాబు బాబాయి.

నాన్న మాత్రం, "మా అమ్మాయి చదువుకుంది. అది విషమంటే ఆగాను. భయం లేదంటంది, రేపు తెల్లారగట్ల వెళ్తా" అన్నాడు. తోడు ఎవరూ రామన్నారు. ఒక్కడే వెళ్తాడట.

మేడం, వెలుగును విడదీస్తే కనబడే ఆ రంగుల గీతలు నేనెప్పుడూ కళ్లతో చూడలేదు. చదివానంతే. ఆ సంగతి నాన్నకు చెప్పలేదు.

ఈ ఉత్తరం బందరు వెళ్లే ఆఖరి బస్సు కండక్టరు గారికి ఇస్తున్నాను. భయం లేదని నేను చెప్పింది నిజమేనని ఒక్క ముక్క రాసి రేపు మొదటి బస్సుకు పంపండి. అప్పటికి నాన్న వెళ్లిపోయి ఉంటాడు. అయినా రాయండి. ఒడ్డున నిలబడి చదువుకుంటాను.

మీ విద్యార్థిని,
డిగ్రీ రెండో సంవత్సరం.