చెల్లి స్నానానికి వస్తోంది

జూన్ 3, మంగళవారం

మరిది ఫోన్ చేశాడు. నాలుగేళ్ళలో అతను చేయడం ఇది ఐదోసారి. చెల్లి చేయడం ఒక్కసారీ లేదు.

ఈ నెల ఇరవైన చెల్లికి మా ఊళ్ళో ఒకరోజు ట్రైనింగ్ ఉందట. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఇక్కడ దిగుతుందట. ట్రైనింగ్ పదింటికి. అది అవగానే అటునుంచి అటే తిరుగు బస్సు. మధ్యలో స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి మీ ఇంటికి వస్తే ఇబ్బందా వదినా అని అడిగాడు. ఇబ్బందట! అంతలో వెనకనుంచి చెల్లి గొంతు వినిపించింది. స్నానం ఒక్కటే అని చెప్పమంటోంది. టిఫిన్ వద్దట, కాఫీ కూడా వద్దట.

గొంతేమీ మారలేదు.

నాకు ఇల్లంతా ఉంది. హాలు, వంటిల్లు, రెండు గదులు, బాల్కనీలో చచ్చీ చావని మొక్కలు. వీటిలో దేనితోనూ దానికి పని లేదు. దానికి కావాల్సింది నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న బాత్‌రూమ్. ఇందాక వెళ్ళి లైటేసి చూశాను. గోడలు పాలిపోయి ఉన్నాయి. అద్దం మూల పగిలింది. పైపులన్నీ గోడ మీదే పాకుతున్నాయి. పదకొండేళ్ళుగా ఇందులోనే స్నానం చేస్తున్నాను, ఏనాడూ దీని మొహం చూడలేదు.

జూన్ 4, బుధవారం

కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం కాబట్టి రోజూ ఎవరో ఒకరి మొహం తేరిపార చూడటమే నా పని. ఇవాళ ఒకావిడ గుండ్రటి ఫ్రేములే చూపించమంది. పన్నెండు జతలు పెట్టుకుంది, పన్నెండూ తీసేసింది. పెట్టుకున్నప్పుడల్లా ఆవిడ మొహంలో రెండు గుండ్రటి కిటికీలు. పదమూడోది తుడుస్తుండగా నాకు తట్టింది. మునిగే ఓడ!

చిన్నప్పుడు ఆదివారం పొద్దున తొమ్మిదింటికి టీవీలో ఒక సీరియల్ వచ్చేది. సముద్రం అడుగున తిరిగే జలాంతర్గామి. అందులో ఒక కెప్టెన్, ఒక వంటవాడు, ఒక ముసలి మెకానిక్, బయటికెళ్ళి ఈదొచ్చే ఒక అమ్మాయి. అమ్మకి జలాంతర్గామి అనడానికి బద్ధకం. మీ మునిగే ఓడ వచ్చింది రండర్రా అని కేకేసేది. వారం వారం మునుగుతున్నా లోపలివాళ్ళకి బుద్ధి రాదేమని అడిగేది కూడా.

సీరియల్ అయిపోగానే నేనూ చెల్లీ బాత్‌రూమ్‌లోకి పరుగు. ఆ ఇంట్లో గడియ సరిగ్గా పడే గది అదొక్కటే. బోర్లించిన బకెట్ మీద నేను, కెప్టెన్ని. చెల్లి ఈదే అమ్మాయి. అంటే అది బయట ఉండాలి. తలకి తువ్వాలు చుట్టుకుని హాలంతా ఈదొచ్చి తలుపు తట్టాలి. రెండుసార్లు, కాస్త ఆగి, ఇంకోసారి. నీళ్ళలో మాట వినిపించదు కదా, తట్టడమే మాట. అప్పుడు నేను కుళాయి తిప్పి, ఓడ తలుపు తీసినట్టు తీయాలి. ఎప్పుడు తీయాలన్నది కెప్టెన్ ఇష్టం.

బాత్‌రూమ్‌ని మునిగే ఓడ చేసేస్తాను. దానికి చెప్పాల్సింది చాలా ఉంది. చెబితే వినదు. చూపిస్తే చూడొచ్చు.

జూన్ 5, గురువారం

మా ఆయనకి చెప్పాను. స్నానానికి వచ్చేవాళ్ళకి వేణ్ణీళ్ళు చూడాలి గానీ ఓడలెందుకన్నాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుందట నా వ్యవహారం. చుట్టుకుంటాను, నా తల, నా రోకలి.

జూన్ 7, శనివారం

ప్లంబర్ వచ్చాడు. మనిషి మంచివాడే, పైపులంటేనే సిగ్గు. గోడ తొలిచి అన్నీ లోపల దాచేస్తానంటాడు. వద్దు, ఇంకో రెండు పైపులు అదనంగా బయట వేయమన్నాను. వాటికి చక్రంలాంటి పెద్ద ఎర్ర వాల్వు ఒకటి బిగించమన్నాను. తిప్పితే ఏం రావాలని అడిగాడు. ఏమీ రాకూడదన్నాను.

ఇరవై ఏళ్ళ సర్వీసులో తను బిగించాక పనిచేయనివి ఉన్నాయట గానీ, పనిచేయకుండా ఉండటానికే బిగించమన్నవాళ్ళు లేరట. బిగించి, రెండుసార్లు తిప్పి చూసి, బాగానే పనిచేయట్లేదని చెప్పి వెళ్ళాడు.

నాకు ఒక్కదానికే నవ్వొచ్చింది. ఈ సంగతి చెల్లికి చెబితే పొట్ట పట్టుకుని నవ్వేది. దాని నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

జూన్ 8, ఆదివారం

ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి రాస్తాను.

అమ్మ హాస్పిటల్లో ఐదురోజులుంది. చెల్లికి అప్పుడు ఎనిమిదో నెల. ప్రయాణం చేయొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. అది రోజూ ఫోన్ చేసేది, అమ్మకివ్వమనేది. అమ్మ నిద్రపోతోందని చెప్పేదాన్ని. ఐదురోజులూ అదే చెప్పాను. హాస్పిటల్ సంగతి మరిదికీ చెప్పలేదు, చెబితే దానికి తెలిసిపోతుంది. మా ఆయన చెబుదామన్నాడు. పెద్దదాన్ని నేనున్నాను, నాకు తెలుసన్నాను. అమ్మ లేచి కూర్చుంటుందనే అనుకున్నాను, నిజంగా. లేచాక అందరం నవ్వుకోవచ్చనుకున్నాను.

చెల్లి వచ్చేసరికి అంతా అయిపోయింది. నన్ను ఒక్క మాటా అనలేదు. ఒకే ఒక్కటి అడిగింది, అమ్మ నన్ను అడిగిందా అని.

అడిగింది. మూడోరోజు సాయంత్రం చిన్నది వచ్చిందా అని అడిగింది. బయల్దేరింది, దారిలో ఉందని చెప్పాను. అప్పటినుంచి రెండురోజులు అమ్మ తల తలుపువైపే పెట్టుకుంది. నర్సు అటు తిప్పితే మళ్ళీ ఇటు తిప్పుకునేది.

చెల్లికి మాత్రం, అమ్మకి స్పృహే లేదు, ఎవరినీ అడగలేదని చెప్పాను. తెలిస్తే తట్టుకోలేదనుకున్నాను. అమ్మకొక అబద్ధం, దానికొక అబద్ధం. పాప పుట్టాక కూడా నన్ను రమ్మనలేదు. పాపకి ఇప్పుడు నాలుగేళ్ళు. ఫోటోలో మా అమ్మ గడ్డమే.

అమ్మ తనని తలుచుకోకుండానే పోయిందని చెల్లి అనుకుంటోంది. నాలుగేళ్ళుగా అలాగే అనుకుంటోంది. అది నిజం కాదని నేనే చెప్పాలి. ఫోన్లో చెప్పలేను, ఎత్తదు. ఇరవయ్యో తారీఖు పొద్దున నాకు దొరికేది ఒక స్నానమంత టైము.

జూన్ 11, బుధవారం

నీలం రంగు వేశారు. లోతైన నీలం. పెయింటర్ ఇంత చిన్న గదికి ఇంత ముదురు రంగేమిటని సణిగాడు గానీ చేయి మాత్రం చక్కటిది. మా షాపు ఓనరు పాత గుండ్రటి అద్దం ఒకటి ఇచ్చాడు. దాని చుట్టూ పెయింటర్ బోల్టులు గీశాడు. అచ్చం ఓడ కిటికీ. మా ఆయన తల దువ్వుకోవడానికి వెళ్ళి, సముద్రంలోంచి ఎవరో తనని చూస్తున్నట్టుందన్నాడు. అది పొగడ్తగానే తీసుకున్నాను.

ఆపుకోలేక రెండుసార్లు స్నానం చేశాను.

జూన్ 14, శనివారం

కొంప మునిగింది.

షాపులో లెన్సులు అరగదీసే అబ్బాయికి సీరియల్ గురించి చెప్పాను. లంచ్ టైములో నెట్‌లో ఎక్కడో పట్టుకుని ఫోన్ నా చేతిలో పెట్టాడు. కెప్టెన్ గది. మంచం, చక్రం, గుండ్రటి కిటికీ, అన్నీ ఉన్నాయి. గోడలు మాత్రం నీలం కాదు. పాత అట్టపెట్టె రంగు.

అది కలర్ సీరియల్! మా ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. నేను చూసిన నీలం ఎక్కడిది?

అన్నం ముద్ద అలాగే చేతిలో ఉండిపోయింది. అంతా గుర్తొచ్చింది. రంగులు మేమే పెట్టుకునేవాళ్ళం. ఓడ లోపల ఆకుపచ్చ అనేది చెల్లి. పక్కింటివాళ్ళ గేటు ఉంటుందే, ఆ పచ్చ. కాదు నీలం అనేదాన్ని నేను. అది ఏడ్చేది, కాళ్ళు నేలకేసి కొట్టేది. నేను కెప్టెన్ని, పెద్దదాన్ని, నీలమంటే నీలం. చివరికి అదీ నీలమే అనేది, లేకపోతే తలుపు తీసేదాన్ని కాదు. ఒకసారి తట్టీ తట్టీ బయట గుమ్మం మీదే నిద్రపోయింది. అమ్మ నా వీపు విమానం మోత మోగించింది.

క్షమించమని అడగడానికి గది కట్టాను. అందులోనూ నా రంగే వేశాను.

జూన్ 15, ఆదివారం

పెయింటర్ ఊళ్ళో లేడు. కూతురింటికెళ్ళాడు, ఇరవై మూడుకి వస్తాడు. ఫోన్లో బతిమాలాను. నీలం బాలేదా అని నొచ్చుకున్నాడు. బాగుంది బాబూ, అదే నా బాధ అన్నాను.

మా ఆయన అంటాడు కదా, చిన్నప్పటి రంగు దానికేం గుర్తుంటుంది, వదిలెయ్యమని. దానికి గుర్తుండకపోవచ్చు. నాకు గుర్తొచ్చింది, చాలదూ.

జూన్ 17, మంగళవారం

కలలో అమ్మ బాత్‌రూమ్ తలుపు బయట నిలబడి, లోపలున్నది పెద్దదా చిన్నదా అని అడిగింది.

జూన్ 19, గురువారం

షాపులో తలనొప్పని చెప్పి నాలుగింటికే వచ్చేశాను. దారిలో రంగుల కొట్టు. కార్డులో పద్నాలుగు రకాల పచ్చలు. పక్కింటి గేటుని ముప్పై ఏళ్ళ అవతలనుంచి చూడాల్సి వచ్చింది. తొమ్మిదోది చూడగానే ఆ గేటు కీచుమన్న చప్పుడు కూడా గుర్తొచ్చింది. అదే తీసుకున్నాను, చిన్న డబ్బా.

గోడలన్నీ నా వల్ల కాదు. తలుపు లోపలివైపు వేశాను. గడియ పెట్టుకున్నవాళ్ళకి మాత్రమే కనిపిస్తుంది. చీరకి అంటింది, చెవికి అంటింది, చెవికెలా అంటిందో దేవుడికే తెలియాలి. ఒక పూత చాలని కొట్టువాడు చెప్పాడు. నా సంగతి తెలిసిందే, రెండేశాను. తెల్లారేసరికి ఆరిపోతుంది.

చెల్లి బస్సెక్కిందట. మరిది మెసేజ్ పెట్టాడు.

జూన్ 20, శుక్రవారం
పొద్దున 5:15

ఆరలేదు. వేలు పెడితే వేలిముద్ర పడుతోంది. విసనకర్రలా అట్టముక్క పట్టుకుని అరగంటనుంచి విసురుతున్నాను. మా ఆయన వచ్చి చూసి, ఇంకేమీ అనకుండా రెండో అట్టముక్క తెచ్చుకున్నాడు.

5:55

వచ్చింది. చిక్కింది. జుట్టు కత్తిరించుకుంది. మా ఆయన్ని బావా బాగున్నారా అంది. నన్ను బాత్‌రూమ్ ఎటని అడిగింది. చూపించాను. తలుపు ఇంకా తడిగా ఉందని చెప్పేలోపే లోపలికెళ్ళింది. గడియ పడింది.

6:10

నీళ్ళ చప్పుడు లేదు.

6:20

ఇంకా లేదు. మా ఆయన గీజర్ పాడైందేమో అడగమంటాడు. ఆయనకేం తెలుసు.

ఇప్పుడొక చప్పుడు. కీచుకీచుమని. ఎర్ర వాల్వు తిప్పుతోంది.

6:25

ఆగిపోయింది. బయటికి రాదు, నీళ్ళూ పోసుకోదు. లోపలినుంచి ఏదో ఒకటి వస్తుందని నేను హాల్లో కూర్చుని డైరీ రాస్తున్నాను. సిగ్గుండాలి నాకు. ఆటలో తట్టాల్సింది బయట ఉన్నవాళ్ళు. లోపల ఉన్నది ఇవాళ అది. బయట ఉన్నది నేను.

జన్మలో నేను ఆ తలుపు తట్టలేదు. నేనెప్పుడూ కెప్టెన్నే. తట్టినా తీస్తుందని ఏముంది? తీయకపోతే గుమ్మం మీదే పడుకుంటాను. అదీ పడుకుంది కదా.

రెండుసార్లు, కాస్త ఆగి, ఇంకోసారి. వెళ్తున్నాను.

9:40

చాలాసేపు తీయలేదు. అది దాని ఇష్టం. తరవాత తీసింది.

బకెట్ మీద అది కూర్చుంది, నేను కింద. మూడోరోజు సంగతి చెప్పాను, తలుపువైపు తిప్పుకున్న తల సంగతీ చెప్పాను. రెండు చేతులతో ఎర్ర చక్రం పట్టుకుని తిప్పుతూనే ఉంది. ఏడుస్తూనే తిప్పింది.

దాని అరచేతి నిండా గేటు పచ్చ అంటింది. తుడవబోతే వద్దంది. ట్రైనింగ్‌కి అలాగే వెళ్ళింది.

స్నానం చేయలేదు. సాయంత్రం వచ్చి చేస్తానంది.