కిటికీలో సిగ్నల్

శుక్రవారం, రాత్రి.

చెల్లెలు వాణి సోమవారం ఉద్యోగంలో చేరాలి. దాని భర్త, మా మరిది, పోయాక ఇదే మొదటి ఉద్యోగం. నెట్‌లో నడిచే క్లౌడ్ పనికి లైబ్రరీ అని ఏదో సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలట. సిగ్నల్ పోయి రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది. ఇది కాకపోతే ఉద్యోగం ఏమవుతుందోనని దానికి దిగులు.

మా ఇంట్లో సిగ్నల్ అందేది పూజగది కిటికీలోనే. లాప్‌టాప్‌కి నెట్ అందేలా అక్కడ ఫోన్ ఎత్తి నేను పట్టుకున్నాను. వాణి లాప్‌టాప్‌తో గడప బయటే కూర్చుంది.

“అక్కా, కదలబాకు!”

“కదలనులే. పొద్దు గుంకింది, దీపం నువ్వు పెట్టు.”

“నేనా?”

“మరి నా చేతులు ఖాళీగా ఉండాయా?”

మరిది పోయినప్పటి నుంచి అది దీపం ముట్టలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు. ఈరోజు గడప దాటి వచ్చి వెలిగించింది.

ఇన్‌స్టాల్ పూర్తయిందని గడప బయట లాప్‌టాప్ తెర మీద నాకు కనిపిస్తూనే ఉంది. అయినా అది కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నంతసేపూ ఫోన్ దించలేదు.