జ్వరం సంగతి

14 మార్చి 2016

రమణమూర్తి తీసిన సినిమాను బరంపురం హాల్లో మూడో రోజే తీసేశారు. నిన్న మ్యాట్నీకి నాతో కలిపి తొమ్మిదిమందిమి.

15 మార్చి, సాయంత్రం

రమణమూర్తి, కెమెరా చేసిన శ్యామసుందర్ మా ఇంటికి వచ్చారు. కాలేజీ నుంచీ ముగ్గురం ఒక జట్టు. మూర్తి ఇక సినిమా జోలికి పోనన్నాడు. నాలాగే ఏదో స్కూల్లో చేరతాడట. నాలాగే. కాఫీ ఇచ్చి ధైర్యం చెప్పాను. వాడు తల వంచుకుని వింటుంటే నాకు హాయిగా ఉంది. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను.

మన గోపాలపూర్ జాలరిపేటలో ఒక షో వేద్దామన్నాను. సముద్రం తెలిసినవాళ్లకే ఈ సినిమా విలువ తెలుస్తుందన్నాను. వాడి ముఖం వెలిగింది.

17 మార్చి

ఆ సినిమా కథ మూర్తిది కాదు. దానమ్మది. మా ఇంటికి చేపలు తెస్తుంది. కొడుకు కాసులు వేటకెళ్లి మునిగిపోయాడు. ఆ పొద్దు వాడికి ఒళ్లు కాలిపోతోందట. వెళ్లనంటే బద్ధకమని తిట్టి, తనే పడవ ఎక్కించింది. మూడేళ్ల కిందట మా గుమ్మంలో గంప దించి, ఏడుస్తూ చెప్పింది. ఆ వారమే మూర్తికి చెప్పేశాను. ఆమెను అడగలేదు.

షో ఆదివారం. ఆదివారాలు ఆమె పేటలో ఉండదు, ఛత్రపూర్ వెళ్తుందనుకుంటాను. కనుక్కోలేదు.

20 మార్చి, ఆదివారం

పేటంతా వచ్చింది. వల విసిరే సీన్‌కు మగవాళ్లు పడీపడీ నవ్వారు. మూర్తి గోళ్లు కొరుక్కున్నాడు. సినిమాలో కుర్రాడు కాసులులాగే ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడు. అదీ నేను చెప్పిందే. జ్వరంతో ఉన్న వాణ్ని తల్లి పడవలోకి నెట్టే సీన్‌కు నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్లు తెర వదిలి దానమ్మను చూశారు. ముందు వరసలో కూర్చుని ఉంది. పక్కన మొగుడు నరసన్న. అతను లేచి, ఆమె వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

అంతా అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"జొరం సంగతి నీకు తప్ప ఎవులికీ సెప్పలేదు టీచరమ్మా."

సినిమా అంటే కల్పించిందే కదా అన్నాను. తల ఊపింది. నమ్మినట్టే ఊపింది.

మూర్తి నన్ను పట్టుకుని ఏడ్చాడు. పేట మొత్తం కదిలిపోయిందట. ఇలాంటి ఆడియన్స్ ఉంటే పది సినిమాలు తీస్తాడట. ముందు వరసలో ఆవిడ ఎవరని అడిగాడు. తెలియదన్నాను.

28 మార్చి

దానమ్మ రావడం లేదు. బదులు జగ్గమ్మ వస్తోంది. అడగకుండానే అన్నీ చెప్పింది. నరసన్న ఖల్లికోటలో తమ్ముడింటికి వెళ్లిపోయాడట. పెళ్లాం చేతి కూడు ముట్టనన్నాడట. దానమ్మ వీధిలోకొస్తే పిల్లలు సినిమాలో తల్లి తిట్లు అప్పజెబుతున్నారట.

30 మార్చి

జగ్గమ్మ చేపలు తాజాగా ఉంటున్నాయి.

9 ఏప్రిల్

మూర్తి ఫోన్ చేశాడు. రెండో సినిమాకు కథ దొరకలేదట. దానమ్మ ఇంట్లో ఆ తర్వాత ఏమైందో చెప్పాను.