కూల్చకుండా వదిలేసిన తిన్నె

ఒర్లియంపేట,
పుదుచ్చేరి.

ఆక్రమణల తొలగింపు పనులు చూచు అధికారి గారి సముఖమునకు, ఒర్లియంపేట కాపురస్థుడు, ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అటెండరు, ఒక చిన్న ఎక్స్‌కవేటరు బండికి సొంతదారుడునగు దే. ముకుందన్ వ్రాసుకొను అర్జీ.

విషయం: మా సందులో అందరి ఇళ్ల ముందరి తిన్నెలనూ కూల్చి నా ఇంటి తిన్నెను మాత్రము వదిలివేసినందున, దానిని కూడా వెంటనే కూల్చించవలసినదిగా కోరుట గురించి.

అయ్యా,

తమరు యానాం నుండి బదిలీ మీద ఇక్కడికి వచ్చినారని తెలిసి ఈ అర్జీని తెలుగులో వ్రాయుచున్నాను. తాతల కాలం నుండి మా ఇళ్లలో తెలుగే మాట్లాడుతాము గాని, మా సందులో తెలుగు అక్షరం తెలిసినవాడిని నేనొక్కడినే. చిన్న వయసులో కొన్నాళ్లు యానాంలో పని చేసినప్పుడు, అర్జీలు వ్రాసి బ్రతికే ఒక పెద్దాయన పక్కన కూర్చుని, ఆయన వ్రాసినవి చూచి వ్రాసి నేర్చుకున్నాను. అందుచేత నాకు అర్జీ భాష తప్ప వేరే తెలుగు వ్రాయడం రాదు. పెళ్లయిన కొత్తలో నా భార్యకు వ్రాసిన ఉత్తరం కూడా 'విషయం' అనే మొదలైనది. ఆమెకు చదవడం రాదు కాబట్టి బతికిపోయినాను.

మొదట ఈ అర్జీని ఒక జిరాక్సు అంగడిలో తమిళంలోనే టైపు చేయించితిని. నేను ఇల్లు చేరేలోగా ఆ అంగడివాడు నా బావమరిదికి ఫోను చేసి అంతా చదివి వినిపించినాడు. నా ఫిర్యాదంతా ఆ బావమరిది మీదనే గనుక, ఇక నాకు తెలుగే దిక్కు.

1. నాకు ఉద్యోగం ఉన్నది, సాయంత్రమైతే పని లేదు. ఒకనాడు తేంగాయితిట్టులో చిన్న ఎక్స్‌కవేటరు ఒకటి బురద తోడుతుండగా చూచి మనసు పడితిని. ఆటో పట్టే చోట అది పడుతుంది. మా సందుల్లో పెద్ద జేసీబీ దూరదు గనుక సెప్టిక్ ట్యాంకు గుంత అయినా, పైపు కాలువ అయినా మనుషులే పారతో తవ్వాలి. ఆ పనులన్నీ ఈ బండి చేస్తుంది, ఉద్యోగం పక్కన ఒక చిన్న వ్యాపారం అవుతుంది అని తలచి, ఇంట్లో అందరినీ ఒప్పించి కొన్నాను. నడపడానికి నా భార్య ఆర్తి తమ్ముడు గుణశేఖర్‌ను పెట్టుకున్నాను. వాడు అప్పుడు పని లేక తిరుగుతున్నాడు. ముందు నేను నేర్చుకుని, తరువాత వాడి చేతి మీద చెయ్యి పెట్టి నేర్పించినాను.

2. బండి వచ్చిన రోజున సందంతా నా ఇంటి ముందరే ఉన్నది. ఎదురింటి జయమ్మాళ్ అక్క గుమ్మడికాయతో దిష్టి తీసి, చక్రాలకు బదులుండే చైన్ల కింద నిమ్మకాయలు పెట్టించినది. అక్క అంటే రక్తసంబంధం కాదు. మా అమ్మకు పెద్ద జబ్బు చేసిన యేడాది నన్ను తన ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిన మనిషి. తన తిన్నె మీద పొయ్యి పెట్టుకుని, పొద్దున పూట ఆపాలు, అనగా బియ్యప్పిండి అట్లు, పోసి అమ్ముకుంటుంది.

మా సందు మూలలో ఒక కరెంటు స్తంభం ఉన్నది. వీధి కాలువ మీద కట్టినవని మా తిన్నెలు కూల్చడానికి ఇదివరకు రెండు మార్లు వచ్చిన జేసీబీ ఆ మూల తిరగలేక వెనక్కి పోయింది. పోయేటప్పుడు డ్రైవరుకు మావాళ్లు మజ్జిగ కూడా ఇచ్చి పంపినారు. అటువంటి మూలలో నా బండిని, ఎవరి గోడకూ గీత పడకుండా, ఆ రోజు నేనే తిప్పి చూపించినాను. పిల్లా జెల్లా చప్పట్లు కొట్టినారు.

"మన సందుకని కొలత తీసి చేసినట్టుండాదిరా ముకుందా!" అన్నది జయమ్మాళ్ అక్క.

కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆ రోజు నాకు తెలియలేదు. మా సందును ఇన్నాళ్లూ కాపాడింది ఆ మూల ఒక్కటే. ఆ మూల తిరిగే బండిని తెచ్చి, పూజ చేయించి, తిప్పి చూపించింది నేను.

3. కాలేజీలో పరీక్షల డ్యూటీ పడిన దినమున, విల్లియనూరులో కొబ్బరి మొక్కలకు గుంతలు తీసే పని ఉన్నదని చెప్పి గుణశేఖర్ బండి తీసుకుపోయినాడు. నేను మధ్యాహ్నం ఇంటికి వచ్చి చూస్తే, అది నేను పుట్టిన సందులాగా లేదు. ఇంటింటి ముందరా ఇటుక ముక్కలు, విరిగిన కడప రాళ్లు. ఆడవాళ్లు గడప నుండి వీధిలోకి దిగడానికి నీళ్ల బిందెలు బోర్లించి మెట్లుగా వేసుకుని ఉన్నారు. సందు మధ్యలో నా బండి నిలిచి ఉన్నది. దాని బకెట్టులో జయమ్మాళ్ అక్క పొయ్యి రాళ్లు ఉన్నవి.

కూల్చే పని తీసుకున్న కాంట్రాక్టరుకు వీడే నా బండిని బాడుగకు ఒప్పుకున్నాడట. నాతో ఒక్క మాట చెప్పలేదు.

తిన్నెలు కూల్చడం తప్పని నేను అనుట లేదు. కాలువ మీద కట్టడం తప్పే. వాన వస్తే నీళ్లు ఇళ్లలోకి వచ్చేది నిజమే. సర్కారు కూల్చనీ. కానీ నా బండితోనా? నా అన్నం తిన్నవాడి చేతనా?

4. అన్నిటికన్నా ఘోరమైనది ఇది. అందరి తిన్నెల మీద వేసినట్లే నా తిన్నె మీద కూడా ఎర్ర పెయింటు గుర్తు వేసి ఉండిరి. గుణశేఖర్ దాని మీద గోనె సంచులు పరచి, ముందర తన బైకు నిలిపి, ఇది బండి సొంతదారు ఇల్లని చెప్పి దాటించినాడు. ఈ దినమున మా సందులో నిలిచి ఉన్న తిన్నె ఒక్కటే, అది నాది. దారిన పోయేవాడు ఎవడైనా చూచి ఏమనుకుంటాడో తమరే ఆలోచించవలెను.

వాడిని నిలదీసినాను. అణగి మణగి ఉంటాడనుకుంటే, నాకే ఎదురు చెప్పినాడు.

"ఏంది బావా, అట్ల అరుస్తావు? నీకు చెప్పింటే ఒప్పుకుంటావా? అందుకే చెప్పలా. పని పనే, సొంతవాళ్లు సొంతవాళ్లే. మన ఇంటికి ఒక గీత పడనిచ్చినానా? అది చూడవేం నువ్వు!"

"సందులో నేను ఎట్ల తల ఎత్తుకోవాలిరా?"

"యాడికైనా దూరుతాది నా బండి అని ఊరంతా చెప్పుకున్నది నువ్వు గదా. దూర్చినాను. అంతే."

ఏకు మేకైనదని మా అమ్మ అంటుంది. బండి తాళం వాడి చేతి నుండి లాక్కున్నాను. నాటి నుండి బండి విల్లియనూరులో మా బంధువుల తోటలో ఊరికే నిలిచి ఉన్నది.

5. మా సందులో నాతో ఎవరూ మాట్లాడరు. తిడితే బాగుండును, తిట్టరు కూడా. అమ్మాయమ్మ అనే మా అమ్మకు వయసు మీద పడినది, దూరం నడవలేదు. ఆమె లోకమంతా ఆ తిన్నె, ఎదురు తిన్నెల మీద కూర్చునే ఆడవాళ్ల మాటలు. సాయంత్రం అయితే ఎవరి తిన్నె మీద వాళ్లు కూర్చుని, మిరపకాయలు తొడిమలు తీస్తూ, ఈ వైపు నుండి ఆ వైపుకు మాట్లాడుకునేవారు. ఇప్పుడు ఆమె వచ్చి కూర్చుంటే ఎదురు తలుపులు ఒకటొకటిగా మూసుకుంటాయి. మా అమ్మకు చూపు తక్కువ, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. గడియ పడే చప్పుడు విని, ఇది ఎవరి ఇంటి తలుపు అని పేరు చెప్తుంది.

జయమ్మాళ్ అక్క ఇప్పుడు వంటింట్లోనే ఆపాలు పోసి కిటికీలో నుండి అమ్ముతుంది. మా ఇంటికి పొద్దున్నే రెండు ఆపాలు ఊరికే పంపేది, నేను ఉద్యోగంలో చేరక ముందు నుండీ. అవి రావడం మానేసినవి. నేను ఆకలి గురించి వ్రాయుట లేదని తమరికి అర్థమై ఉండును.

6. కూల్చుటకు ముందు రోజు సాయంత్రమే మా తిన్నె మీది పూలకుండీలు లోపలికి చేరి ఉన్నవని పక్కింటివాళ్లు అంటున్నారు. విచారించగా అది నిజము. వాటిని లోపల పెట్టింది నా భార్య. ఆమెకు ముందే తెలుసు. తమ్ముడు కాపాడతానని మాట ఇచ్చినా కుండీలను మాత్రం లోపల పెట్టుకున్నదంటే, వాడి మాట మీద ఆమెకు కూడా నమ్మకం లేదన్నమాట. నా పక్కన పడుకుని ఆ రాత్రంతా ఆమె ఒక్క మాట చెప్పలేదు. తెల్లారి నాకు చద్ది కట్టి, పరీక్షకు టైము అవుతున్నదని తొందర పెట్టి పంపింది.

ఈ ఆరవ అంశమును అర్జీలో లేనట్లుగానే భావించవలెను. వ్రాయకుండా ఉండలేకపోయినాను.

7. నీ తిన్నెను నువ్వే పగలగొట్టుకోవచ్చు గదా అని తమరు అడగవచ్చును. ఒక ఆదివారం నాడు గడ్డపార తీసుకుని దిగినాను. ఒక దెబ్బ వేసినానో లేదో, ఎదురు కిటికీలో నుండి జయమ్మాళ్ అక్క గొంతు వినపడింది. అన్ని దినాలకు ఆమె నాతో మాట్లాడిన మాట అదే.

"నాటకం చాలుగాని పో ముకుందా. నువ్వే పగలగొట్టుకుంటే రేపు నువ్వే కట్టుకుంటావు. మాది సర్కారు కొట్టింది."

గడ్డపార పక్కన పెట్టేసినాను. ఆమె చెప్పింది న్యాయమే. నా తిన్నెను కూడా సర్కారే కొట్టాలి.

8. ఆ ప్రకారము తమరు రాక ముందు ఆఫీసుకు వెళ్లి నోటి మాటగా అడిగితిని. ఆ సందులో తొలగింపు పూర్తి అయినది, మిగిలిన ఆక్రమణ ఏదీ లేదు అని ఫైలు చూచి చెప్పినారు. ఉన్నది, నా ఇంటి ముందరే ఉన్నది, వచ్చి చూడండి అన్నాను. రికార్డులో లేనిదానిని ఎట్లా కూల్చుతామని అడిగినారు. రికార్డు ప్రకారము మా అమ్మ ప్రతి సాయంత్రమూ గాలిలో కూర్చుంటున్నది.

కావున తమరు దయచేసి ఈ క్రింది మేరకు ఉత్తర్వు చేయవలెను.

నా తిన్నెను రికార్డులోకి ఎక్కించి, ఆ మీదట కూల్చించవలెను. గోనె కింద దాగిన ఎర్ర గుర్తు వెలిసిపోయినది గనుక, కొత్త పెయింటుతో, అందరికీ కనబడేటట్లు మళ్లీ వేయించవలెను.

కూల్చుటకు వచ్చే బండి నాదే కావలెను. వేరే బండి ఆ మూల తిరగదు గనుక తమరికీ వేరే దారి లేదు. బాడుగ అక్కరలేదు. గుణశేఖర్ నడపకూడదు, నేను నడుపుతాను. పని పొద్దున పూట పెట్టించవలెను. అప్పుడే సందులో అందరూ ఇళ్లలో ఉంటారు. కూల్చిన రోజున తమ సిబ్బంది మావాళ్ల మీద అరిచినారట, సామాను తీయమని తొందర పెట్టినారట. అదే విధముగా నా మీదా అరవవలెను. ఒక మాట ఎక్కువైనా నేను ఏమీ అనుకోను.

ఇందులో నాకు వచ్చేది ఏమిటంటే ఏమీ లేదు. వ్యాపారం పోయినా ఉద్యోగం ఉన్నది. నేను పుట్టిన సందులో నన్ను మోసగాడని అనుకుంటూ ఉంటే బ్రతకడం మాత్రం కష్టంగా ఉన్నది. మోసపోయినవాళ్లలో నేను కూడా ఒకడినని తమ ఆఫీసు కాగితం మీద ఒక్క ముక్క పడితే చాలును.

నా యందు దయ తలచి, ఇందులోని న్యాయాన్యాయములు చిత్తగించవలెను.

ఇట్లు,
తిన్నె ఉన్నంతవరకు తల ఎత్తలేని తమ విధేయుడు,
దే. ముకుందన్

తా.క.: పైదంతా మా అమ్మకు చదివి వినిపించినాను. ఆమె అంతా విని, "ఎందుకురా అంత రాస్తావు? కొట్టేటప్పుడు నన్ను యాడ కూర్చోబెడతావో అది రాసినావా?" అన్నది. వ్రాయలేదు, నాకు ఆ తలపే రాలేదు. మా ఇంట్లో దుమ్ము పడుతుంది, ఆమెకు దగ్గు. "జయమ్మాళ్ ఇంట్లో కూర్చుంటాను, ఆపె రానిస్తాదా లేదా అడగమను ఆఫీసరును" అంటున్నది. ఉత్తర్వు వేయనవసరం లేదు అయ్యా. తమరు వచ్చినప్పుడు ఆ ఎదురింటి తలుపు తట్టి, ముసలావిడ కాసేపు కూర్చోవచ్చునా అని ఒక్క మాట అడగండి. తలుపు తీస్తే నాకు చెయ్యి ఊపండి, అప్పుడు బండి స్టార్టు చేస్తాను. ఆ గడప దాకా పోయి అడిగేందుకు నాకు ధైర్యం చాలడం లేదు.